జాహ్నవి: పేరు ఎక్కడ విరుగుతుంది, హ ఎటు పోతుంది

మీ ప్రశ్నలో చాలా సంగతులు కలిసి ఉన్నాయి కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తానమ్మా, తేడా ఉంటే దిద్దండి. పాప ఉత్తరాషాఢ మూడో పాదంలో పుట్టింది, ఆ పాదానికి వచ్చే అక్షరం 'జా', అందుకని పెద్దవాళ్లు జాహ్నవి అని ఖాయం చేశారు. ఇప్పుడు మీరు జాహ్నవి అంటారు, మీ అత్తగారు జాన్హవి అంటారు, మీ వారు జానవి అనేసి ఊరుకుంటారు. ఆగస్టులో డాలస్‌లో కిండర్‌గార్టెన్‌లో వేస్తున్నారు, స్కూలు ఫారంలో పేరును ముక్కలుగా విడగొట్టి ఎలా పలకాలో రాయమని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలి, ఇంట్లో ఎవరిది కరెక్టు, మీ వారి స్నేహితుడు చెప్పినట్టు ఇంగ్లీషు స్పెల్లింగు మార్చాలా అన్నవి మీ సందేహాలు.

జవాబు ముందే చెప్పేస్తాను, ఓపికుంటే మిగతాది చదువుకోండి. మీరు పలికేది కరెక్టే, మీ అత్తగారు పలికేదీ కరెక్టే, మీ వారిదే కుదరదు. తెలుగులో రాసేటప్పుడు మాత్రం అత్తగారి ఉచ్చారణను రాతలోకి తేవద్దు, ఎప్పుడూ హకి నావత్తే. అమెరికా స్కూలు ఫారంలో అత్తగారి పద్ధతే రాయండి, ఎందుకో కింద చెప్తాను. స్పెల్లింగు మార్చొద్దు.

నేను హైస్కూల్లో తెలుగు పండిట్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా క్లాసుల్లో జాహ్నవులకు కొదవ ఉండేది కాదు, ఆ పేరును సరిగ్గా రాసిన పిల్లలకే కొదవ. ఆ పేరున్న అమ్మాయే తన పేరు జాన్హవి అని రాసుకుని, మార్కు కోస్తే ఏడుపు మొహం పెట్టడం నాకు కొత్త కాదు. వినబడినట్టు రాశానండీ అనేది. విన్నది నిజమే, రాసింది తప్పు. ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే అసలు విషయం.

మొదట విరుపు సంగతి. తెలుగులో మనం 'అక్షరం' అని రెండు వేర్వేరు వాటిని అంటాం, గందరగోళం అక్కడే మొదలవుతుంది. రాతలో అక్షరం అంటే ఒక అచ్చు, దాని ముందు పేరుకున్న హల్లులన్నీ కలిపి ఒక గుంపు. ఆ లెక్కన జా, హ్న, వి అని మూడు. బారసాల బ్యానరు మీద అక్షరానికో పువ్వు కట్టాలన్నా, పేరు రెండు లైన్లలోకి విరిగిపోతుంటే ఎక్కడ విరవాలన్నా ఈ లెక్కే వాడాలి, హ్నని మధ్యలో చీల్చకూడదు. కానీ నోరు ఈ లెక్క పాటించదు. రెండు హల్లులు జంటగా వచ్చినప్పుడు మొదటిది వెనక్కి జరిగి ముందున్న అచ్చుకు అంటుకుంటుంది. 'పద్మ' అని కాగితం మీద ప, ద్మ అని రాస్తాం, నెమ్మదిగా పలికి చూడండి, పద్ అని ఆగి మ అంటారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందని ఛందస్సులో బట్టీ పట్టించేది ఇందుకే, ఆ మొదటి హల్లు బరువు వెనక్కి పడుతుంది కాబట్టి. ఆ ప్రకారం నోట్లో మీ పాప పేరు జాహ్, న, వి.

ఎన్ని ముక్కలు అన్నదానికి అనుమానమే అక్కర్లేదు, భగవద్గీతే సాక్ష్యం ఉంది. పదో అధ్యాయం 31వ శ్లోకం చివర 'స్రోతసామస్మి జాహ్నవీ' అని వస్తుంది, ప్రవాహాల్లో నేను గంగను అని కృష్ణుడు చెప్పే చోట. ఆ పాదానికి సరిగ్గా ఎనిమిది అక్షరాలు ఉండాలి: స్రో, త, సా, మ, స్మి, జా, హ్న, వీ. సరిపోయాయి. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అందులో రెండు, నాలుగు పాదాల్లో అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు ఉండటం నియమం. స్మి లఘువు, జా గురువు, హ్న లఘువు. అంటే మధ్యలో 'న' మీద ఉన్న అకారం గట్టిగా, పూర్తిగా ఉండాలి, దాన్ని మింగేస్తే శ్లోకం కుంటుతుంది. తెలుగులో చివరి ఈకారం పొట్టిదైపోయి జాహ్నవి అవుతుంది, గౌరీ గౌరి అయినట్టు, నదీ నది అయినట్టు. అప్పుడు గురువు, లఘువు, లఘువు, అంటే భగణం. రాఘవ, మానవ, యాదవ అన్న పేర్ల తూకమే. పాపకు పేరు నేర్పేటప్పుడు 'రాఘవ, జాహ్నవి' అని రెండూ పక్కపక్కన పలికించండి, ఊపు దానంతటదే వస్తుంది.

ఆ పోలిక ఊరికే చెప్పలేదు, వాటి పుట్టుక కూడా ఒకటే. రఘు నుంచి రాఘవ, మను నుంచి మానవ, యదు నుంచి యాదవ వచ్చినట్టే జహ్ను నుంచి జాహ్నవ, అందులో స్త్రీలింగం జాహ్నవి. మొదటి అచ్చు సాగడం, చివరి ఉకారం 'అవ' కావడం ఈ పేర్లన్నింటిలో చూడొచ్చు. జహ్ను మహర్షి యజ్ఞం చేస్తున్న చోటును ముంచెత్తిందని గంగను మొత్తం తాగేసి, దేవతలు బతిమాలితే చెవుల్లోంచి వదిలాడని, అప్పటినుంచి ఆయన కూతురిగా లెక్క అని వాల్మీకి బాలకాండలో ఉంది, భగీరథుడి కథలోనే. అమరకోశంలో గంగ పేర్లు చూస్తే 'జహ్నుతనయా' అని ఉంటుంది, అదే అర్థం. కాబట్టి తండ్రి పేరు పొట్టి 'జ', కూతురి పేరు దీర్ఘం 'జా'. కొందరు జహ్నవి అని హ్రస్వంతో రాస్తారు, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మళ్లీ తెలుగులోకి దింపడం వల్ల వచ్చిన తిప్పలు అవి. (ఉత్తరాఖండ్‌లో భైరోంఘాటీ దగ్గర భాగీరథిలో కలిసే జాడ్ గంగను కూడా జాహ్నవి అంటారు. ఎప్పుడైనా గంగోత్రి వెళ్తే దారిలోనే వస్తుంది, పాపకు చూపించొచ్చు.)

ఇక అసలు గొడవ, హ ముందా న ముందా.

తెలుగు నోటికి ఒక ముక్క చివర హ్ దగ్గర ఆగడం అలవాటు లేదు. హ అంటే ఊపిరి, దాని వెనకాల వెంటనే ఒక అచ్చు ఉంటే సుఖంగా బయటికొస్తుంది: హంస, హారం, మహిమ. వెనకాల న, మ, వ, ల లాంటి హల్లు ఉంటే ఇరుక్కుంటుంది. అప్పుడు నోరు చేసే సర్దుబాటు ఏమిటంటే, ఆ రెండింటినీ తారుమారు చేసి హను వెనక్కి నెట్టి దానికి ఒక అచ్చు దొరికేలా చూడటం. బ్రహ్మను బ్రమ్హ అనని తెలుగువాడిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్రహ్మానందం గారి పేరు టీవీలో ఎవరి నోట విన్నా బ్రమ్హానందమే. చిహ్నం చిన్హం అవుతుంది, ఆహ్వానం ఆవ్హానం అవుతుంది, జిహ్వ జివ్హ అవుతుంది, ఆహ్లాదం ఆల్హాదం అవుతుంది. శుభలేఖలో 'ఆహ్వానం' అని ముద్రించి నోటితో ఆవ్హానించడం మనకు ఎంత మామూలంటే అందులో తేడా ఉందని కూడా ఎవరికీ తోచదు. జాన్హవి అదే కోవలోది. మీ అత్తగారు ఏదో పల్లెటూరి పలుకు పలుకుతున్నారని ఎవరైనా అంటే, వాళ్లను ఆహ్వానం అని పదిసార్లు గబగబా అనమనండి.

ఇది మన తెలుగువాళ్లకే పట్టిన అలవాటు అనుకునేరు. ప్రాకృత భాషల్లోనే ఇది స్థిరపడిపోయింది. సంస్కృతంలో జిహ్వ పాళీలో జివ్హా. పన్నెండో శతాబ్దంలో ప్రాకృతానికి వ్యాకరణం రాసిన హేమచంద్రుడు హ్న ఉన్నచోట ణ్హ వస్తుందని సూత్రం చెప్పి, ఉదాహరణగా వహ్నికి వణ్హీ అని, జహ్నుకి జణ్హూ అని చూపించాడు. అంటే మీ పాప పేరు పుట్టిన మాటనే తీసుకుని, దాన్ని జనం ఇలా తిప్పి పలుకుతారని ఎప్పుడో రాసిపెట్టారన్నమాట. మరాఠీవాళ్లయితే ఒకడుగు ముందుకేసి రాతలోకే తెచ్చేసుకున్నారు, వాళ్లకి జాన్హవీ అని ఉంటే అది తప్పు రాత కాదు, అదే వాళ్ల మామూలు రాత. మనం మాత్రం రాతలో సంస్కృతం వరసే ఉంచుకున్నాం. రెండూ పద్ధతులే, ఏ భాషలో రాస్తే ఆ భాష పద్ధతి.

మరి వేదపాఠం చెప్పేవాళ్లు ఏమంటారు అని అడుగుతారు, మీ మామగారు అడిగారని రాశారు కూడా. అది ఇంకా సరదాగా ఉంటుంది. ఉచ్చారణ నేర్పే పాత గ్రంథం పాణినీయ శిక్షలో ఒక శ్లోకం ఉంది: 'హకారం పంచమైర్యుక్తమంతస్థాభిశ్చ సంయుతమ్, ఉరస్యం తం విజానీయాత్ కంఠ్యమాహురసంయుతమ్'. ఒంటరిగా ఉన్న హ కంఠంలోంచి పుడుతుంది, అదే ఙ ఞ ణ న మ లతో గానీ య ర ల వ లతో గానీ కలిసి ఉంటే రొమ్ములోంచి పుట్టినట్టు పలకాలి అని దాని భావం. అంటే జాహ్నవిలో హ, హంసలో హ ఒకటి కావని పూర్వులకే తెలుసు. తైత్తిరీయ ప్రాతిశాఖ్య (యజుర్వేదంలో తైత్తిరీయ శాఖకు ఉచ్చారణ నియమాలు చెప్పే గ్రంథం) ఇంకో మాట చెప్తుంది, హకారం తర్వాత న గానీ ణ గానీ మ గానీ వస్తే అక్కడ నాసిక్యం, అంటే ముక్కుతో పలికే ఒక ధ్వని చేరుతుందని. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువగా వినిపించేది తైత్తిరీయ శాఖే కాబట్టి పురోహితుల నోట బ్రహ్మ అన్నప్పుడు ఆ ముక్కు ఊపిరి మీకు స్పష్టంగా వినబడుతుంది.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయండి, నేను పిల్లలతో చేయించేవాణ్ణి. 'జా' అని మొదలుపెట్టండి, ఆపకుండా నాలుక కొనను న అనడానికి పెట్టినట్టే పైపళ్ల వెనక ఆనించండి, కానీ గొంతు కదిలించకుండా ముక్కులోంచి కొంచెం ఊపిరి వదలండి, అప్పుడు న అనండి. ముక్కు కింద వేలు పెట్టుకుంటే గాలి తగుల్తుంది. అదే హ్న. దీనిలో హ అన్నది ఊపిరి, న అన్నది నాలుక ఉన్న చోటు, రెండూ ఒకే క్షణంలో జరుగుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి రావడం లేదు. కాగితం మీద మాత్రం ఏదో ఒకటి ముందు రాయక తప్పదు కదా. అందుకే కొందరి చెవికి హ ముందు వినబడుతుంది, కొందరికి న ముందు వినబడుతుంది, మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా ఇదే. శ్రద్ధగా పలికిన జాహ్నవికీ శ్రద్ధగా పలికిన జాన్హవికీ దూరం వెంట్రుకవాసి. వేదపాఠంలో స్వచ్ఛత కోసం పట్టుబట్టొచ్చు, పాపను అన్నానికి పిలవడానికి ఆ టెన్షన్ అక్కర్లేదు.

సింహం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. నరసింహ అని రాసి మనం నరసిమ్హ అంటాం, బ్రహ్మ అని రాసి బ్రమ్హ అంటాం. రాతలో ఒకచోట సున్నా తర్వాత హ, ఇంకోచోట హకి మావత్తు, నోట్లో రెండూ ఒకటే మ్హ. కాబట్టి చెవిని బట్టి ఎలా రాయాలో తేల్చలేం, మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తేనే తేలుతుంది. జాంహవి అని సున్నా పెట్టి రాసినవాళ్లనూ చూశాను నేను, పాపం వాళ్ల లాజిక్ ఇదే.

ఇప్పుడు మీ వారి జానవి. దాన్ని ఎందుకు ఒప్పుకోనంటే, తెలుగులో హ ఎగిరిపోవడం కొత్తేమీ కాదు, మధ్యాహ్నం అన్నమాటను అందరం మధ్యాన్నం అనే అంటాం. కానీ గమనించండి, హ పోయినా దాని బరువు పోలేదు, న రెట్టింపయింది. చిహ్నంలోంచి వచ్చిన చిన్నె (వన్నెచిన్నెలు అంటామే, అది) కూడా అంతే, బ్రహ్మలోంచి వచ్చిన బమ్మ కూడా అంతే. తెలుగు నోరు హను తీసేస్తే దాని బదులు పక్క హల్లును ఒత్తుతుంది, ఊరికే వదిలేయదు. ఆ లెక్కన మీ వారు జాన్నవి అని ఉంటే కనీసం తద్భవం అనుకుని సర్దుకునేవాళ్లం. జానవి మాత్రం ఎటూ కాకుండా పోయింది, జానకికి చెల్లెలిలా ఉంది. పోనీ వేరే పేరు అనుకుందామా అంటే దానికి అర్థం లేదు. జహ్ను పేరులో ఉన్నదే ఆ హ్న, అది జారిపోతే గంగ కూడా జారిపోయినట్టే.

న గురించి కూడా చెప్పాలి. అపరాహ్ణం, పూర్వాహ్ణం అని ణతో ఉంటాయి కదా, మరి ఇక్కడ ణ రావాలేమో అని కొందరు చదువుకున్నవాళ్లే జాహ్ణవి అని రాస్తారు. అపర, పూర్వ అన్నవాటిలో ర ఉంది, ఆ ర ప్రభావంతో న ణ అయింది. మధ్యాహ్నం, సాయాహ్నంలో ర లేదు కాబట్టి న అలాగే ఉంది. జహ్నులోనూ ర లేదు. నావత్తే.

జ సంగతి ఎవరూ అడగరు గానీ అమెరికాలో పెరిగే పిల్లలకు చెప్పాల్సిందే. తెలుగులో జ రెండు రకాలు. జాడ, జాలి, జాబు అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికి వస్తుంది, దాన్ని దంత్యం అంటారు. జాతి, జానకి, జాగ్రత్త అన్నప్పుడు అంగిలికి ఆనుతుంది, అది తాలవ్యం. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఎప్పుడూ తాలవ్యమే. జాహ్నవి జాతిలా పలకాలి, జాడలా పలకకూడదు. ఇంగ్లీషులో ఉన్న జ ఎలాగూ తాలవ్యానికే దగ్గర కాబట్టి ఈ విషయంలో మీ స్కూలు టీచరుకు ఇబ్బంది రాదు, వస్తే ఇక్కడి చుట్టాలకే వస్తుంది.

టీచరుకు ఇబ్బంది వచ్చేది హ దగ్గర. ఇంగ్లీషులో హ ముక్క మొదట్లోనే పలుకుతుంది, చివర పలకదు. జె, ఎ, హెచ్ అని చూడగానే వాళ్లు ఆ హెచ్‌ను 'ఆ'ని సాగదీయమని చెప్పే గుర్తు అనుకుంటారు తప్ప దాన్ని పలకాలని అనుకోరు. పైగా మూడు ముక్కల కొత్త పేరు కనబడితే మధ్య ముక్క మీద ఊనిక వేయడం వాళ్లకు అలవాటు. రెండూ కలిసి జా-నా-వీ అవుతుంది. మీరు ఎంత శ్రద్ధగా జాహ్-న-వి అని విడగొట్టి రాసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే జాహ్ అన్న ముక్క చివరి హను పలకడానికి వాళ్ల నోటికి దారి లేదు. అందుకే అత్తగారి పద్ధతి రాయమన్నాను. జాన్-హ-వి అని విరిస్తే హ ఒక ముక్క మొదటికి వస్తుంది, వాళ్లకు హాయిగా పలుకుతుంది. ఇంకా మంచి సంగతి, అమెరికన్లు జాన్ అన్న మగపేరును పలికే తీరు అచ్చంగా మనకు కావలసిన జాన్. ఇంగ్లండులో ఉన్నవాళ్లకు ఈ కిటుకు అంత బాగా పనిచేయదు, వాళ్ల జాన్ కొంచెం 'ఆ'కీ 'ఒ'కీ మధ్యన పొట్టిగా ఉంటుంది.

ఫారంలో గడి నింపేటప్పుడు ఇలా రాయండి: మొదటి ముక్క జె-ఎ-హెచ్-ఎన్ నాలుగూ పెద్ద అక్షరాల్లో, అడ్డగీత, హెచ్-యు-హెచ్ చిన్న అక్షరాల్లో, అడ్డగీత, వి-ఇ-ఇ చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాల్లో ఉన్న ముక్క మీద ఊనిక వేయాలని అక్కడివాళ్లకు తెలుసు. మధ్య ముక్కను హెచ్-ఎ అని రాయకండి, 'హా' అని సాగదీస్తారు, యు పెడితేనే పొట్టిగా వస్తుంది. మొదటిరోజు టీచరును కలిసినప్పుడు 'జాన్, తర్వాత హ, తర్వాత వీ' అని ఒక్కసారి చెప్పి, వాళ్లతో ఒకసారి అనిపించండి. తప్పు పలికితే మొహమాటపడి 'ఫర్వాలేదు' అనకండి. మన తల్లిదండ్రులు చేసేది ఇదే, మొదటివారం మొహమాటపడతారు, ఆ తప్పు పలుకు అయిదో తరగతి దాకా ఉండిపోతుంది, చివరికి పిల్ల కూడా తన పేరు అలాగే చెప్పుకోవడం మొదలుపెడుతుంది. పాపతో కూడా రోజూ తన పేరు తనే గట్టిగా చెప్పించండి, ఎవరైనా తప్పు పలికితే దిద్దడం మొదట రావాల్సింది దానికే.

స్పెల్లింగు మార్చమన్న మీ వారి స్నేహితుడి సలహా గురించి. పలికేది జాన్హవి కాబట్టి ఎన్ ముందు, హెచ్ తర్వాత పెట్టమన్నారు. మొదటినుంచీ అలా పెట్టుకుని ఉంటే నేను తప్పనేవాణ్ణి కాదు, మరాఠీవాళ్లు అలాగే రాస్తారు. కానీ మీకు బర్త్ సర్టిఫికెట్‌లో జె-ఎ-హెచ్-ఎన్-ఎ-వి-ఐ అని పడిపోయింది, అది తెలుగు రాతకు అక్షరం అక్షరం సరిపోతుంది, తెలుగువాళ్లు ఎక్కువగా రాసేది కూడా అదే. రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే పాస్‌పోర్టు దగ్గర, రేపు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) దగ్గర మీరే తిరగాలి. ఉచ్చారణ బాగుపడుతుందనే ఆశతో కాగితాలు పాడుచేసుకోవద్దు, ఏ స్పెల్లింగు పెట్టినా చెప్పకపోతే తెల్లవాడికి రాదు.

అన్నిటికన్నా పనికిరాని స్పెల్లింగు ఒకటుంది, హెచ్‌ను తీసుకెళ్లి జె పక్కన పెట్టేది. అలా పెడితే మనవాళ్లు ఝాన్సీలో ఉన్న ఝ చదువుతారు, ఝాన్వి అయిపోతుంది. ఎన్ తర్వాత ఎ తీసేసి నేరుగా వి రాసేదీ మన పద్ధతి కాదు. హిందీలో మాట మధ్య అకారాన్ని మింగడం సహజం, వాళ్లకు జాన్హ్వీ అని రెండే ముక్కలు వినబడతాయి. 2024లో దేవరతో మన తెరమీదికి వచ్చిన జాన్వీ కపూర్ పేరు మన పేపర్లలో జాన్వీ అని పడేది అందుకే, అది ఆవిడ పేరు, ఆవిడ రాసుకున్నట్టే రాయాలి, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఆ సినిమాల పుణ్యమా అని ఇక్కడి జాహ్నవులు కూడా ఫోన్లో జాన్వి అని సేవ్ అయిపోతున్నారు. తెలుగులో మనం మధ్య అకారం మింగం. మూడు ముక్కలూ ఉండాల్సిందే. న్యూమరాలజీ కోసం రెండు ఎలు, రెండు ఐలు పెట్టేవాళ్ల జోలికి నేను పోను, ఉచ్చారణకు వాటివల్ల లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు.

తెలుగులో టైపు చేసేటప్పుడు మీకు 'హ్' విడిగా 'న' విడిగా పడుతోందన్నారు. హ, పొల్లు, న వరసగా కొడితే నావత్తు దానంతటదే కిందికి వెళ్లాలి. వెళ్లకుండా పొల్లు కనబడుతోందంటే మీ కీబోర్డు మధ్యలో కనబడని విభజన గుర్తు ఒకటి దూరుస్తోంది. మొత్తం చెరిపి మళ్లీ కొట్టండి, మధ్యలో స్పేస్ గానీ ఇంకేదీ గానీ నొక్కకుండా. కేకు మీదా ఫ్లెక్సీ మీదా రాయించేటప్పుడు ఫోన్లో చూపించి వదిలేయకండి, అచ్చు వేసేముందు నమూనా తెప్పించుకుని హ కింద ఉన్నది నావత్తా, న కింద హవత్తు పడిందా అన్నది చూసుకోండి. బారసాలల్లో సగం బ్యానర్లు అక్కడే తప్పుతాయి.

ఇంట్లో ముద్దుగా జాను అని పిలవొచ్చా అని చివర్లో అడిగారు. పిలవండి, దానికి శాస్త్రం అక్కర్లేదు. స్కూల్లో మాత్రం మొదటి ఏడాది ఆ ముద్దుపేరు బయటికి చెప్పకండి. రెండు ముక్కల పేరు చేతికి దొరికాక మూడు ముక్కల పేరు నేర్చుకోవాలని ఏ టీచరుకూ అనిపించదు. ఫారంలో 'పిలిచే పేరు' అని ఇంకో గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకుండా అక్కడ కూడా పూర్తి పేరే రాయండి.